చాలా గుంపుల మీన్లు పోల్చేటప్పుడు సైమల్టేనియస్ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

అగ్రికల్చర్, ఫార్మసీ, బయాలజీ చదివేవాళ్ళు థీసిస్ టేబుల్స్ దగ్గరికి వచ్చేసరికి ఇవే డౌట్లు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట పెట్టా. వరసగా చదవక్కర్లేదు, మీ పని ఏ స్టేజ్‌లో ఉంటే అక్కడికే వెళ్ళండి. చాలా జవాబుల్లో ఉదాహరణకి ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ప్లాంట్‌గ్రోత్ డేటా వాడా. అందులో కంట్రోల్, ట్రీట్‌మెంట్ 1, ట్రీట్‌మెంట్ 2 అని మూడు గుంపులు, గుంపుకి 10 మొక్కలు, కొలిచింది ఎండు బరువు. ఎవరైనా తెరిచి చెక్ చేసుకోవచ్చు.

## ప్రయోగం మొదలుపెట్టే ముందు

సైమల్టేనియస్ అంటే అసలేంటి, మామూలు 95% ఇంటర్వెల్‌కి దీనికి తేడా ఏంటి?

మామూలు 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పే రేంజ్) రెండు గుంపుల మీన్ల, అంటే సగటుల, మధ్య ఉన్న ఒక్క తేడాకి మాత్రమే పూచీ పడుతుంది. అదే ప్రయోగాన్ని ఎన్నోసార్లు చేస్తే వందకి 95 సార్లు ఆ ఇంటర్వెల్‌లో అసలు తేడా ఉంటుంది, అంతే. పక్కన ఇంకో తొమ్మిది ఇంటర్వెల్స్ కూడా వేశారనుకోండి, పదీ కలిపి కరెక్ట్ అవుతాయా అన్నదానికి అది ఏమీ చెప్పదు. సైమల్టేనియస్ ఇంటర్వెల్స్ చెప్పేది సరిగ్గా ఆ మాటే, వందకి 95 సార్లు సెట్‌లో ఉన్న ఇంటర్వెల్స్ అన్నీ ఒకేసారి కరెక్ట్ అవ్వాలి, ఒక్కటి తప్పినా ఆ సారి ఫెయిల్ కిందే లెక్క. ఇంత గట్టి పూచీ ఇవ్వాలంటే ప్రతి ఇంటర్వెల్ కొంచెం వెడల్పు అవ్వక తప్పదు. ఈ ఆలోచనకి 1953 పెద్ద సంవత్సరం. టుకీ మల్టిపుల్ కంపారిజన్స్ మీద రాసిన నోట్సు, షెఫే పేపరు, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి నార్త్ కరోలినా వెళ్ళిన ఎస్.ఎన్. రాయ్, ఆర్.సి. బోస్‌ల పేపరు, మూడూ ఆ ఏడాదివే.

నాకు ఐదు ట్రీట్‌మెంట్లు ఉన్నాయి, పది టి టెస్టులు చేసేసుకుంటే పోలా?

జతకొకటి చొప్పున టి టెస్ట్ (రెండు మీన్ల మధ్య తేడా ఉందా అని చూసే పరీక్ష) చేసుకోవచ్చు, కానీ తప్పుడు తేడా కనపడే ఛాన్స్ 5 శాతం అని మాత్రం అనుకోకండి. ఐదు ట్రీట్‌మెంట్లూ నిజంగా ఒకటే అయినా, పది జతల్లో కనీసం ఒకటి "సిగ్నిఫికెంట్" అని వచ్చే ఛాన్స్ సుమారు 29 శాతం ఉంటుంది. పది ట్రీట్‌మెంట్లయితే 45 జతలు, అక్కడ 60 శాతం దాటిపోతుంది. కొందరు 0.95ని పదిసార్లు గుణించి 40 శాతం అని చెప్తారు, ఆ లెక్క జతలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటేనే కుదురుతుంది, ఇక్కడ ఒకే మీన్ నాలుగు జతల్లో కనిపిస్తుంది కాబట్టి అసలు అంకె తక్కువ. తక్కువైనా 29 శాతం చిన్నదేం కాదు కదా.

మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ సి.డి. వాల్యూనే వేస్తారు, అది చాలదా?

సి.డి. (క్రిటికల్ డిఫరెన్స్) అంటే టి టేబుల్ విలువని తేడా తాలూకు స్టాండర్డ్ ఎర్రర్‌తో గుణించడం, ఫిషర్ ఎల్.ఎస్.డి. (లీస్ట్ సిగ్నిఫికెంట్ డిఫరెన్స్) అన్నా ఇదే. ముందు ఎఫ్ (అన్ని మీన్లూ ఒకటేనా అని ఒకేసారి చూసే ఎనోవా పరీక్ష) సిగ్నిఫికెంట్ వస్తేనే వాడాలి అన్న రూల్ పాటిస్తే మూడు ట్రీట్‌మెంట్ల దాకా ఇది బాగానే కాపాడుతుంది. నాలుగు, అంతకన్నా ఎక్కువ ఉంటేనే ఇబ్బంది.

ఎలాగో చూడండి. వరి వెరైటీ ట్రయల్‌లో 12 ఎంట్రీలు ఉన్నాయి, వాటిలో పోలిక కోసం పెట్టిన ఒక పాత లోకల్ వెరైటీ (చెక్) మిగతావాటికంటే బాగా తక్కువ దిగుబడి ఇచ్చింది అనుకుందాం. ఆ ఒక్కదాని వల్లే ఎఫ్ సిగ్నిఫికెంట్ అయిపోతుంది. ఇక గేటు తెరుచుకున్నట్టే, మిగతా 11 ఎంట్రీలు నిజానికి సమానమే అయినా వాటి మధ్య ఉన్న 55 జతలు ఒక్కో జతకి 5 శాతం రిస్కుతో లోపలికి వచ్చేస్తాయి. వాటిలోంచి రెండు మూడు జతలు సి.డి. దాటితే "ఫలానా వెరైటీ సిగ్నిఫికెంట్‌లీ సుపీరియర్" అని రాసేస్తారు, తర్వాత ఆ వెరైటీ మీద ఇంకో రెండు సీజన్లు ఖర్చు పెడతారు. నాకు బాధనిపించేది ఇక్కడే. సి.డి. పనికిరానిదని అనట్లేదు, ముందే అనుకున్న ఒకటి రెండు జతలకి హాయిగా వాడండి, అన్ని జతలూ చూసేటప్పుడు మాత్రం వద్దు.

డి.ఎం.ఆర్.టి. అయితే ఓకేనా?

డి.ఎం.ఆర్.టి. అంటే డంకన్ మల్టిపుల్ రేంజ్ టెస్ట్. 1955లో డంకన్ ఇచ్చిన ఈ పద్ధతి ఎన్ని మీన్లు పోలిస్తే అంత వదులవుతుంది. రెండు మీన్లకి 95 శాతం రక్షణ, మూడింటికి 0.95 స్క్వేర్, అలా పది మీన్లకి 0.95ని తొమ్మిదిసార్లు గుణిస్తే 63 శాతమే మిగులుతుంది. పైగా ఇది స్టెప్పులవారీ పద్ధతి, మీన్ల పక్కన ఎ, బి లాంటి అక్షరాలు (ఒకే అక్షరం ఉంటే తేడా తేలలేదని) ఇస్తుంది గానీ ప్రతి తేడాకీ ఇంటర్వెల్ ఇవ్వదు. ఇంటర్వెల్స్ కావాలంటే ఇది మీకు కాదు.

"ఫ్యామిలీ" అంటారు కదా, ఏవేవి ఒక ఫ్యామిలీ అని ఎవరు డిసైడ్ చేస్తారు?

మీరే, అదీ డేటా రాకముందే. ఒకే కన్‌క్లూజన్‌కి సపోర్టుగా ఏ పోలికలన్నీ వాడబోతున్నారో అవన్నీ ఒక ఫ్యామిలీ. దిగుబడి, మొక్క ఎత్తు, పిలకల సంఖ్య లాంటివి వేటికవే వేరే ఫ్యామిలీలుగా చూడడం మామూలుగా జరిగేదే, అలా చూస్తున్నామని ఒక లైన్ రాస్తే చాలు. డేటా చూశాక అన్నిటికంటే పెద్ద మీన్‌ని, అన్నిటికంటే చిన్న మీన్‌ని ఏరి "మేం ఈ ఒక్క జతే చూశాం" అనడం మాత్రం కుదరదు, ఎందుకంటే ఆ జతని ఏరడానికి మీరు అన్ని జతలూ చూసేశారు. కాబట్టి ఫ్యామిలీ కూడా అన్ని జతలే.

## పద్ధతి ఎంచుకునేటప్పుడు

టుకీ, బాన్‌ఫెరోని, షెఫే, ఇన్ని ఉన్నాయి, నేను ఏది పట్టుకోవాలి?

ఏ పోలికలు కావాలో చూసుకుంటే అదే తేలిపోతుంది. అన్ని జతలూ కావాలంటే టుకీ. ముందే రాసిపెట్టుకున్న కొద్దిపాటి పోలికలయితే బాన్‌ఫెరోని, దీన్ని ఇంటర్వెల్స్‌కి వాడే దారి చూపించింది 1961లో ఆలివ్ జీన్ డన్. జతలే కాకుండా "మొదటి రెండిటి సగటు మైనస్ మిగతా మూడిటి సగటు" లాంటి కాంట్రాస్ట్‌లు ఏవైనా సరే, డేటా చూశాక కూడా వేసుకునే ఫ్రీడం కావాలంటే షెఫే.

దేనికెంత వెడల్పు పడుతుందో ప్లాంట్‌గ్రోత్ డేటాలో చూడండి, మూడు గుంపులు, గుంపుకి 10 మొక్కలు. తేడాకి అటూ ఇటూ వేసే మార్జిన్ మామూలు టి తో 0.57, టుకీతో 0.69, మూడు జతలకి బాన్‌ఫెరోనితో 0.71, షెఫేతో 0.72 వస్తుంది. ఇక్కడ గుంపులు మూడే కాబట్టి చివరి మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. గుంపులు పెరిగే కొద్దీ షెఫే బాగా వెడల్పయిపోతుంది, జతలు మాత్రమే చూసేవాళ్ళకి అది దండగ. ఇంకోటి, రెండు మూడు పద్ధతులు నడిపి ఏది సన్నగా వచ్చిందో అది రాయడం టుకీకి బాన్‌ఫెరోనికి మధ్య అయితే ఫరవాలేదు, ఎందుకంటే ఈ మార్జిన్లు డేటాలో మీన్లు ఎలా ఉన్నాయన్న దాని మీద ఆధారపడవు, డిజైన్ తెలిస్తే ఏది సన్నగా వస్తుందో ముందే చెప్పేయొచ్చు.

నాకు కంట్రోల్‌తో పోలిస్తే చాలు, ట్రీట్‌మెంట్ల మధ్య పోలిక అక్కర్లేదు. అప్పుడు కూడా టుకీయేనా?

కాదు, డన్నెట్ వాడండి. 1955లో సరిగ్గా ఈ అవసరానికే వచ్చింది. అడగని పోలికలకి రక్షణ కట్టక్కర్లేదు కాబట్టి ఇంటర్వెల్ సన్నబడుతుంది. ప్లాంట్‌గ్రోత్ డేటాలో టుకీ మార్జిన్ 0.69 అయితే డన్నెట్ మార్జిన్ సుమారు 0.65. ప్లానింగ్ దశలోనే ఉంటే ఇంకో లాభం కూడా ఉంది, కంట్రోల్ ప్రతి పోలికలోనూ వస్తుంది కాబట్టి దానికి ఎక్కువ రెప్లికేషన్లు (అదే ట్రీట్‌మెంట్‌ని మళ్ళీ మళ్ళీ ఇచ్చే మొక్కలు, కుండీలు, ప్లాట్లు) ఇవ్వండి. ట్రీట్‌మెంట్ల సంఖ్యకి వర్గమూలం ఎంతో అన్ని రెట్లు అన్నది పాత లెక్క, అంటే నాలుగు ట్రీట్‌మెంట్లయితే కంట్రోల్‌కి సుమారు డబుల్.

బెస్ట్ వెరైటీ ఏదో తెలిస్తే చాలు, 45 జతలు ఎవరు చదువుతారు?

నిజమే, దీనికి జేసన్ షూ డెవలప్ చేసిన "బెస్ట్‌తో పోలిక" పద్ధతి ఉంది, ఎం.సి.బి. అంటారు. పది వెరైటీలకి 45 ఇంటర్వెల్స్ బదులు పదే ఉంటాయి, ప్రతిదీ "ఈ వెరైటీ మైనస్ మిగతావాటిలో బెస్ట్" అన్న తేడాకి. పై అంచు సున్నాకి మించకపోతే ఆ వెరైటీ బెస్ట్ అయ్యే ప్రసక్తి లేదు, పక్కన పెట్టేయొచ్చు. వెరైటీ ట్రయల్స్‌లో రైతుకి, బ్రీడర్‌కి కావలసిన ప్రశ్న ఇదే అయినా మన థీసిస్‌లలో దీన్ని వాడేవాళ్ళు తక్కువ, ఇంకా చాలామంది వాడితే బాగుండు అని నా కోరిక.

కొన్ని మొక్కలు చచ్చిపోయాయి, గుంపుల సైజులు సమానంగా లేవు. టుకీ పనికొస్తుందా?

వస్తుంది, టుకీ-క్రేమర్ అని అడగండి. ప్రతి జతకీ దాని సొంత సైజులతో స్టాండర్డ్ ఎర్రర్ వేస్తుంది. క్రేమర్ దీన్ని 1956లో ఇచ్చారు, ఇది 95 శాతం కంటే తగ్గదని పూర్తిగా నిరూపించింది 1984లో హేటర్. చాలా సాఫ్ట్‌వేర్లు సైజులు వేరుగా ఉంటే వాటంతటవే దీనికి మారిపోతాయి. మొక్కలు చచ్చిపోవడానికి ట్రీట్‌మెంటే కారణమైతే మాత్రం ఏ ఫార్ములా కాపాడలేదు, మిగిలినవి గట్టి మొక్కలే కాబట్టి మీన్ ఎక్కువ కనిపిస్తుంది.

వేరియన్స్‌లు (గుంపు లోపల విలువలు ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) సమానంగా లేవని టెస్ట్ చెప్తోంది, ఇప్పుడెలా?

గేమ్స్-హోవెల్ వాడండి, 1976 నాటిది, ప్రతి జతకీ ఆ రెండు గుంపుల వేరియన్స్‌లే వాడి వెల్చ్ పద్ధతిలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం వేస్తుంది. గుంపులు మరీ చిన్నవైతే ఇది కాస్త వదులుగా ఉంటుంది, అప్పుడు డన్నెట్ టి3 మేలు. మామూలు టుకీలో అన్నిటికీ ఒకే ఎర్రర్ వాడతాం కాబట్టి, చిన్న గుంపుకే పెద్ద వేరియన్స్ ఉంటే ఆ గుంపున్న జతల ఇంటర్వెల్స్ ఉండాల్సిన దానికంటే సన్నగా వచ్చేస్తాయి.

ఒకే పేషెంట్లకి నాలుగు టైముల్లో కొలిచాను, అన్ని టైముల్నీ పోల్చాలి. టుకీ వేసేయనా?

వద్దు, మామూలు టుకీ గుంపులు వేటికవే ఇండిపెండెంట్ అనుకుంటుంది. నాలుగు టైములంటే ఆరు జతలు, ప్రతి జతకీ పేషెంట్ల వారీగా తేడా తీసి పెయిర్డ్ టి ఇంటర్వెల్ వేయండి, 5 శాతాన్ని ఆరుతో భాగించి. అంటే ఒక్కో ఇంటర్వెల్ సుమారు 99.17 శాతం దగ్గర వేస్తారు, అన్నీ కలిపి 95 తగ్గదు.

## లెక్క వేసేటప్పుడు

చేత్తో ఒకసారి వేసి చూపించండి, ఫార్ములా చూస్తే భయమేస్తోంది

ప్లాంట్‌గ్రోత్ డేటాతోనే వేద్దాం. మీన్లు కంట్రోల్ 5.032, ట్రీట్‌మెంట్ 1 4.661, ట్రీట్‌మెంట్ 2 5.526. ఎనోవా టేబుల్‌లో ఎర్రర్ సమ్ ఆఫ్ స్క్వేర్స్ 10.492, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 27, భాగిస్తే ఎర్రర్ మీన్ స్క్వేర్ (గుంపుల లోపలి వేరియన్స్) 0.3886. దీన్ని గుంపు సైజు 10తో భాగించి వర్గమూలం తీయండి, 0.197 వస్తుంది. ఇప్పుడు స్టూడెంటైజ్డ్ రేంజ్ టేబుల్‌లో (దీన్నే క్యూ టేబుల్ అంటారు) మూడు గుంపులు, 27 డిగ్రీలు, 5 శాతం దగ్గర చూస్తే 3.506. రెండూ గుణిస్తే 0.691, టుకీ మార్జిన్ అదే.

ఇక తేడాలకి అటూ ఇటూ వేయడమే. ట్రీట్‌మెంట్ 1 మైనస్ కంట్రోల్ -0.371, ఇంటర్వెల్ -1.062 నుంచి 0.320. ట్రీట్‌మెంట్ 2 మైనస్ కంట్రోల్ 0.494, ఇంటర్వెల్ -0.197 నుంచి 1.185. ట్రీట్‌మెంట్ 2 మైనస్ ట్రీట్‌మెంట్ 1 0.865, ఇంటర్వెల్ 0.174 నుంచి 1.556. ఎక్కువమంది తడబడేది ఒక్కచోటే, క్యూ టేబుల్ వాడినప్పుడు వర్గమూలం లోపల 2 పెట్టకూడదు, టి వాడినప్పుడు పెట్టాలి. క్యూలో ఆ 2 ఆల్రెడీ కలిసిపోయి ఉంటుంది.

ముందు ఎఫ్ టెస్ట్ సిగ్నిఫికెంట్ రావాలి కదా, రాకపోతే టుకీ వేయకూడదు అన్నారు మా సారు

సి.డి.కి ఆ రూల్ ఉంది, టుకీకి అక్కర్లేదు. టుకీ, డన్నెట్, షెఫే, బాన్‌ఫెరోని తమంతట తామే మొత్తం ఫ్యామిలీకి 95 శాతం ఇస్తాయి. ఎఫ్ గేటు ముందు పెడితే ఇంకా కఠినం అవుతుంది తప్ప లాభం లేదు, పైగా గేటు దాటినప్పుడే ఇంటర్వెల్స్ రిపోర్ట్ చేస్తే వాటి 95 శాతం మాట కూడా నిలవదు. ఎనోవా టేబుల్ మాత్రం ఎలాగూ కావాలి, ఎర్రర్ మీన్ స్క్వేర్ అక్కడి నుంచే తీసుకుంటాం.

ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయొచ్చు? ఎక్సెల్‌లో అవుతుందా?

ఎక్సెల్ డేటా ఎనాలిసిస్ టూల్‌ప్యాక్‌లో ఎనోవా ఉంది గానీ టుకీ లేదు. ఆర్‌లో ఎనోవా నడిపాక టుకీహెచ్‌ఎస్‌డీ ఫంక్షన్ ఒక్క లైన్, డన్నెట్‌కి, సొంత కాంట్రాస్ట్‌లకి మల్ట్‌కాంప్ లేదా ఎమ్‌మీన్స్ ప్యాకేజీ. పైథాన్‌లో సైపై, స్టాట్స్‌మోడల్స్ రెండిట్లోనూ టుకీ దొరుకుతుంది. ఆర్ వాడేవాళ్ళు ఒక్కటి చూసుకోండి, నైట్రోజన్ డోసులు 0, 40, 80, 120 అని అంకెలుగా ఉంటే ఆర్ వాటిని గుంపులు అనుకోదు, గీత గీసేస్తుంది, ట్రీట్‌మెంట్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 3 రావాల్సింది 1 వస్తే అదే కారణం, ఫ్యాక్టర్‌గా మార్చాలి. అయితే డోసుల విషయంలో జతల పోలిక కంటే డోసుకీ దిగుబడికీ కర్వ్ వేయడమే సరైన పని అని నా గట్టి అభిప్రాయం, 80కి 120కి తేడా ఉందా అన్నదానికన్నా ఎక్కడ ఆపాలి అన్నదే కదా కావలసింది.

ఇంటర్వెల్ మరీ వెడల్పుగా వస్తోంది, ఎన్ని రెప్లికేషన్లు పెడితే సన్నబడుతుంది?

మార్జిన్ సగం అవ్వాలంటే సుమారు నాలుగు రెట్లు కావాలి. లెక్క సులువే, క్యూ స్క్వేర్‌ని ఎర్రర్ మీన్ స్క్వేర్‌తో గుణించి, కావలసిన మార్జిన్ స్క్వేర్‌తో భాగించండి. ప్లాంట్‌గ్రోత్ డేటాలో మార్జిన్ 0.69 నుంచి 0.50కి దించాలంటే క్యూ సుమారు 3.41, ఎర్రర్ 0.3886 పెడితే గుంపుకి 10 బదులు 19 మొక్కలు పడతాయి. ఒకే కుండీలో ఉన్న ఐదు మొక్కల్ని ఐదు రెప్లికేషన్లు అని లెక్కేయకండి, ట్రీట్‌మెంట్ కుండీకి ఇస్తే రెప్లికేషన్ కుండీయే.

## రిజల్ట్ చదివేటప్పుడు

ఇంటర్వెల్‌లో సున్నా ఉంది, అంటే రెండూ "ఆన్ పార్" అని రాసేయొచ్చా?

ఈ మాట దగ్గర కాస్త ఆగండి. ప్లాంట్‌గ్రోత్‌లో ట్రీట్‌మెంట్ 2 మైనస్ కంట్రోల్ ఇంటర్వెల్ -0.197 నుంచి 1.185 దాకా ఉంది. సున్నా లోపలే ఉంది, నిజమే. కానీ కంట్రోల్ మీన్ 5.032 కాబట్టి 1.185 అంటే 20 శాతం పైన పెరుగుదల, అది కూడా లోపలే ఉంది. ఈ డేటా "రెండూ సమానం" అని చెప్పట్లేదు, "కాస్త తగ్గుదల నుంచి మంచి పెరుగుదల దాకా ఏదైనా కావచ్చు, ఇంకా తేలలేదు" అంటోంది. ఇంటర్వెల్ -0.05 నుంచి 0.08 లాగా ఉండి, అంత తేడా పొలంలో లెక్కలోది కాదు అని ముందే అనుకుని ఉంటే, అప్పుడు ఆన్ పార్ అని ధైర్యంగా రాయండి. పి వాల్యూ ఒక్కటే చూస్తే ఈ రెండు సందర్భాలూ ఒకేలా "నాన్ సిగ్నిఫికెంట్" అని కనిపిస్తాయి, ఇంటర్వెల్ రాయమని ఇంతగా చెప్పేది అందుకే.

ఒకటి రెండుతో సమానం, రెండు మూడుతో సమానం, కానీ ఒకటి మూడు వేరు అని వచ్చింది, సాఫ్ట్‌వేర్ తప్పా?

తప్పేం లేదు. ప్లాంట్‌గ్రోత్‌లో అచ్చం ఇలాగే వస్తుంది, కంట్రోల్ మధ్యలో ఉంది, అటు ట్రీట్‌మెంట్ 1తో గానీ ఇటు ట్రీట్‌మెంట్ 2తో గానీ తేడా తేలలేదు, కానీ ఆ రెండిటి మధ్య తేడా 0.174 నుంచి 1.556, సున్నా బయట. అక్షరాల్లో రాస్తే ట్రీట్‌మెంట్ 2కి ఎ, కంట్రోల్‌కి ఎబి, ట్రీట్‌మెంట్ 1కి బి. "తేడా తేలలేదు" అంటే "సమానం" కాదు కాబట్టి ఇందులో వైరుధ్యం లేదు.

గ్రాఫ్‌లో ఎర్రర్ బార్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, అంటే తేడా లేనట్టేనా?

కాదు. విడి మీన్ల 95% ఇంటర్వెల్స్ కాస్త ఓవర్‌లాప్ అయినా తేడా ఇంటర్వెల్‌లో సున్నా ఉండకపోవచ్చు. సమాన సైజులున్న రెండు గుంపులకి తేడా మార్జిన్ విడి మార్జిన్‌కి 1.41 రెట్లే, రెండు బార్లు విడిపోవాలంటే 2 రెట్ల దూరం కావాలి. పైగా ఆ బార్లు స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా, ఇంటర్వెలా అన్నది చాలా గ్రాఫుల్లో రాయరు. తేడాలనే గ్రాఫ్ వేసి సున్నా దగ్గర నిలువు గీత పెట్టండి, ఎవరికైనా అర్థమవుతుంది.

ఎఫ్ సిగ్నిఫికెంట్ అంటోంది, టుకీలో ఒక్క జత కూడా రాలేదు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. ఎఫ్ సిగ్నిఫికెంట్ అంటే ఏదో ఒక కాంట్రాస్ట్ షెఫే లెక్కలో సున్నా కాదని అర్థం, అది జతే కానక్కర్లేదు, "రెండిటి సగటు మైనస్ మిగతా రెండిటి సగటు" కావచ్చు. దీనికి రివర్స్ కూడా జరుగుతుంది, ఎఫ్ రాకుండా టుకీలో ఒక జత రావచ్చు. మీ ప్రశ్న జతల గురించే అయితే టుకీ జవాబే మీ జవాబు.

డేటాకి లాగ్ తీసి చేశాను, ఇంటర్వెల్‌ని ఎలా చదవాలి?

లాగ్ తేడాని వెనక్కి తిప్పితే నిష్పత్తి వస్తుంది. నేచురల్ లాగ్‌లో ఇంటర్వెల్ 0.10 నుంచి 0.40 అయితే వెనక్కి తిప్పాక 1.11 నుంచి 1.49, అంటే మొదటి గుంపు రెండోదానికంటే 11 నుంచి 49 శాతం ఎక్కువ. అంచులు రెండిటినీ తిప్పడమే కాబట్టి సైమల్టేనియస్ 95 శాతం చెక్కుచెదరదు. ఇక్కడ పోలుస్తున్నది జామెట్రిక్ మీన్లని అని మాత్రం రాయండి.

## థీసిస్, పేపర్ రాసేటప్పుడు

టేబుల్ కింద ఏమేం రాయాలి?

ఫ్యామిలీ ఏంటి, పద్ధతి ఏంటి, ఎర్రర్ మీన్ స్క్వేర్ ఎంత, దాని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం ఎన్ని, గుంపుకి ఎన్ని రెప్లికేషన్లు. ఈ ఐదూ ఉంటే చదివేవాళ్ళు మీ ఇంటర్వెల్స్ మళ్ళీ వేసుకోగలరు. గుంపులు ఆరు ఏడు దాకా ఉంటే తేడాల టేబుల్ పూర్తిగా ఇవ్వండి, ఎక్కువైతే గ్రాఫ్ ఇచ్చి టేబుల్ అపెండిక్స్‌లో పెట్టండి.

మా గైడ్ సి.డి. కాలమ్ ఉండాల్సిందే అంటున్నారు, ఏం చేయను?

గొడవ పడక్కర్లేదు, సి.డి. వరస ఉంచండి, దాని కిందే టుకీ హెచ్.ఎస్.డి. (పైన వేసిన టుకీ మార్జినే) అని ఇంకో వరస పెట్టండి. సమాన రెప్లికేషన్లుంటే అది కూడా ఒక్క అంకెయే, ప్లాంట్‌గ్రోత్‌కయితే సి.డి. 0.57, హెచ్.ఎస్.డి. 0.69. అక్షరాలు హెచ్.ఎస్.డి. ప్రకారమే వేసి, మెటీరియల్స్ అండ్ మెథడ్స్‌లో ఇలా రాయండి: "ట్రీట్‌మెంట్ల మధ్య అన్ని జతల తేడాలకు టుకీ పద్ధతిలో 95% సైమల్టేనియస్ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ ఇచ్చాం, ప్రతి లక్షణాన్ని వేరే ఫ్యామిలీగా తీసుకున్నాం, సి.డి. విలువలు పాత ఫలితాలతో పోల్చుకోవడానికి మాత్రమే."